క్లాసులోని అట్రిబ్యూట్లకు రాసిన వివరణ హెల్ప్‌లో ఎందుకు కనిపించడం లేదు?

ఎడమకాలువ (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని. మా ప్రాంతపు జలాశయాల నీటిమట్టాలను రోజువారీగా నమోదు చేసుకునే చిన్న ప్రోగ్రామ్‌ను పైథాన్‌లో రాస్తున్నాను. పైథాన్ మూడో తరం నుండి పేర్లను తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు కాబట్టి, క్లాసుకు ‘సాగర్’ అనీ, అందులోని ఒక అట్రిబ్యూట్‌కు (క్లాసులో విలువను దాచుకునే పేరుకు) ‘పూర్తిమట్టం’ అనీ పేర్లు పెట్టి, దాని విలువను 590గా ఇచ్చాను. ఆ వరుస కిందనే మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య ‘నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం, సముద్రమట్టం నుండి అడుగుల్లో’ అని వివరణ రాశాను. ఫంక్షన్లకు ఇలా రాసిన వివరణను, పైథాన్‌లోనే ఉండే హెల్ప్ చక్కగా చూపిస్తోంది కదా, అట్రిబ్యూట్‌కూ చూపిస్తుందనుకున్నాను.

ఇంటర్‌ప్రిటర్‌లో హెల్ప్ అని పిలిచి, బ్రాకెట్లలో సాగర్ చుక్క పూర్తిమట్టం అని ఇస్తే, ‘హెల్ప్ ఆన్ ఇంట్ ఆబ్జెక్ట్’ అన్న శీర్షికతో పూర్ణసంఖ్యల గురించి పుటలకు పుటలు వచ్చాయి. కూడిక, తీసివేత, బిట్ల లెక్క అన్నీ అందులో ఉన్నాయి కానీ, నేను రాసిన ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా లేదు. ఇన్‌స్టలేషన్ చెడిపోయిందేమోనని తీసేసి మళ్లీ పెట్టినా ఫలితం మారలేదు. తప్పు ఎక్కడ జరిగిందో దయచేసి చెప్పగలరు.

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

మీ ఇన్‌స్టలేషన్‌లో ఏ లోపమూ లేదు. హెల్ప్ కూడా ఒక మామూలు ఫంక్షనే. ఏ ఫంక్షన్‌ను పిలిచినా బ్రాకెట్లలో ఉన్నదాన్ని పైథాన్ ముందుగా లెక్కగట్టి, వచ్చిన విలువను మాత్రమే లోపలికి అందిస్తుంది. సాగర్ చుక్క పూర్తిమట్టం అన్నది లెక్కగడితే 590 వస్తుంది. హెల్ప్ చేతికి అందింది ఆ 590 ఒక్కటే. అది ఏ క్లాసులో, ఏ పేరుతో ఉండేదో చెప్పే ఆధారం ఆ సంఖ్యలో ఉండదు. సాగర్ నుండి ఒక చెంబు, జూరాల నుండి ఒక చెంబు ముంచి పక్కపక్కన పెడితే, ఏ నీళ్లు ఎక్కడివో చెంబును చూసి చెప్పలేము కదా, ఇదీ అటువంటిదే. శ్రీశైలం మట్టమైన 885 ఇచ్చినా మీకు అక్షరం పొల్లుపోకుండా అదే పుట కనిపిస్తుంది.

ఇక మీరు కింద రాసిన వాక్యం సంగతి. మాడ్యూల్, క్లాస్, ఫంక్షన్ అనే మూడింటిలో మొట్టమొదటి వాక్యంగా ఉన్న స్ట్రింగ్‌ను (కొటేషన్ల మధ్య రాసిన పాఠాన్ని) మాత్రమే కంపైలర్ డాక్‌స్ట్రింగ్‌గా గుర్తించి, రెండేసి అండర్‌స్కోర్ల మధ్య ‘డాక్’ అనే పేరుతో ఆ వస్తువుకే అంటిపెట్టి ఉంచుతుంది. అట్రిబ్యూట్ కింద రాసిన స్ట్రింగ్ దాని దృష్టిలో ఎవరూ వాడుకోని ఒక ఒంటరి విలువ, అందుకే కంపైల్ చేసేటప్పుడే దాన్ని వదిలేస్తుంది. ప్రోగ్రామ్ నడిచే సమయానికి అది మెమరీలోనే లేనప్పుడు, హెల్ప్ దాన్ని ఎంత వెతికినా దొరకదు.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను. అట్రిబ్యూట్ విలువ సంఖ్య కాక స్ట్రింగ్ అయితే మరింత గందరగోళంగా ఉంటుంది, ఎందుకంటే హెల్ప్‌కు స్ట్రింగ్ ఇస్తే అది ఆ మాటనే వెతకవలసిన పేరుగా భావిస్తుంది. మీ క్లాసులో ‘పేరు’ అనే అట్రిబ్యూట్ విలువ ‘నాగార్జునసాగర్’ అయితే, ఆ పేరుతో డాక్యుమెంటేషన్ ఏదీ దొరకలేదని జవాబిస్తుంది. ఒకసారి నా క్లాసులోని అట్రిబ్యూట్ విలువ ఇంగ్లిష్‌లో ‘టైమ్’ అన్న మాట కావడంతో, నేను అడగని టైమ్ మాడ్యూల్ వివరాలన్నీ తెరపైకి వచ్చాయి. కారణం తెలియక ఆ సాయంత్రమంతా నా ఫైలునే అనుమానిస్తూ కూర్చున్నాను.

సుద్దముక్క (వనపర్తి)

నేను కళాశాలలో ప్రోగ్రామింగ్ బోధిస్తాను. ఈ ప్రశ్న ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అడగడం కూడా న్యాయమే. హెల్ప్ వెనుక పనిచేసేది పైడాక్ అనే మాడ్యూల్. కా-పింగ్ యీ రాసిన ఈ మాడ్యూల్ 2001లో పైథాన్ 2.1తో పాటు వచ్చింది. అయితే అట్రిబ్యూట్లకు కూడా డాక్‌స్ట్రింగ్ ఉండాలన్న ఆలోచన దానికంటే ముందే, 2000లో, మార్క్-ఆండ్రే లెంబర్గ్ రాసిన పెప్ 224 (పెప్ అంటే పైథాన్‌కు మార్పులనూ సంప్రదాయాలనూ ప్రతిపాదించే పత్రం) రూపంలో చర్చకు వచ్చింది. విలువ ఇచ్చిన వెంటనే కింద రాసిన స్ట్రింగ్‌ను ఆ అట్రిబ్యూట్ వివరణగా భద్రపరచాలని, అంటే మన విద్యార్థి సహజంగా ఊహించుకున్నట్లే జరగాలని, ఆ ప్రతిపాదన కోరింది. అది తిరస్కరణకు గురైంది.

డాక్‌స్ట్రింగ్ సంప్రదాయాలను చెప్పే పెప్ 257 మాత్రం, మాడ్యూల్ లేదా క్లాసు పైస్థాయిలో గానీ, ఆబ్జెక్ట్ తయారైనప్పుడు నడిచే ఇనిట్ మెథడ్‌లో గానీ విలువ ఇచ్చిన వెంటనే వచ్చే స్ట్రింగ్‌ను ‘అట్రిబ్యూట్ డాక్‌స్ట్రింగ్’ అనే పిలుస్తుంది. పైథాన్ కంపైలర్ దాన్ని గుర్తించదనీ, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అది అందుబాటులో ఉండదనీ, ఇతర డాక్యుమెంటేషన్ పనిముట్లు మాత్రం దాన్ని గ్రహించవచ్చనీ అదే పత్రం చెబుతుంది. అందువల్ల అలా రాయడం తప్పేమీ కాదు. స్ఫింక్స్ వంటి పనిముట్టు సోర్సు ఫైలును అక్షరాలుగా చదువుతుంది కాబట్టి, ఆ వాక్యాన్ని పట్టుకుని పుటలో అందంగా అమర్చుతుంది, హాష్ గుర్తు పక్కన కోలన్ పెట్టి రాసిన వ్యాఖ్యను కూడా పట్టుకుంటుంది. హెల్ప్ ఫైలును కాక, మెమరీలో ఉన్న వస్తువును అడిగి తెలుసుకుంటుంది. ఈ తేడాను మొదటి పాఠంలోనే చెప్పకపోతే విద్యార్థులు వారాల తరబడి తికమకపడతారు.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

ధన్యవాదాలు అన్నా, ధన్యవాదాలు సార్. చెంబు పోలికతో విషయం పూర్తిగా అర్థమైంది. మీరు చెప్పింది చదివాక మరికొన్ని ప్రయత్నాలు చేశాను.

మొదటిది, విడి అట్రిబ్యూట్‌ను కాక మొత్తం సాగర్ క్లాసునే హెల్ప్‌కు ఇచ్చాను. ‘డేటా అండ్ అదర్ అట్రిబ్యూట్స్ డిఫైన్డ్ హియర్’ అన్న ఉపశీర్షిక కింద, పూర్తిమట్టం, సమానం గుర్తు, 590 అని మాత్రమే వచ్చింది. పేరూ విలువా ఉన్నాయి కానీ అర్థం లేదు. రెండవది, అట్రిబ్యూట్‌కు పైవరుసలో హాష్ గుర్తుతో వ్యాఖ్య రాసి చూశాను. డాక్‌స్ట్రింగ్ లేని ఫంక్షన్‌కు పైన ఇలా రాస్తే హెల్ప్ ఆ వ్యాఖ్యనే చూపించింది కానీ, అట్రిబ్యూట్ విషయంలో చూపించలేదు. మూడవది, ఇనిట్ లోపల సెల్ఫ్‌కు తగిలించిన ‘నేటిమట్టం’ అనే అట్రిబ్యూట్ క్లాసు హెల్ప్‌లో పేరుకు కూడా కనిపించలేదు. ఇది నన్ను మరింత కలవరపెట్టింది.

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

డాక్‌స్ట్రింగ్ దొరకనప్పుడు పైడాక్ ఆ వస్తువు సోర్సు ఎక్కడుందో వెతికి, దాని పైనున్న వ్యాఖ్యను తీసుకుంటుంది. ఫంక్షన్ తాను ఏ ఫైలులో ఏ వరుసలో పుట్టిందో గుర్తుంచుకుంటుంది కాబట్టి అది సాధ్యమైంది, పుట్టుపూర్వోత్తరాలు లేని 590 విషయంలో సాధ్యం కాలేదు. మూడవదానికి కారణం ఇంకా సులభం. ఇనిట్ నడిచి ఒక ఆబ్జెక్ట్ తయారైతే తప్ప నేటిమట్టం అనేది పుట్టదు. క్లాసును చూపించే హెల్ప్ ఇనిట్‌ను నడపదు. ఆబ్జెక్ట్‌నే హెల్ప్‌కు ఇచ్చినా, అది దాని క్లాసు వివరాలనే చూపిస్తుంది.

ఇప్పుడు పరిష్కారానికి వద్దాం. విలువకు వివరణ తగిలించలేము కాబట్టి, క్లాసులో విలువకు బదులు వివరణను మోయగల ఒక వస్తువును ఉంచాలి. అడిగినప్పుడల్లా ఒక మెథడ్‌ను నడిపి విలువ ఇచ్చే ప్రాపర్టీ అటువంటి వస్తువు. ‘ఖాళీ’ అనే పేరుతో ఒక మెథడ్ రాసి, పూర్తిమట్టంలోంచి నేటిమట్టాన్ని తీసివేసి తిరిగి ఇవ్వమని చెప్పి, దానిపైన ప్రాపర్టీ డెకరేటర్ (@ గుర్తుతో మొదలయ్యే వరుస) పెట్టండి. మెథడ్ మొదటి వాక్యంగా రాసిన డాక్‌స్ట్రింగ్ ఆ ప్రాపర్టీకే చెందుతుంది. క్లాసు హెల్ప్‌లో అది ‘రీడ్‌ఓన్లీ ప్రాపర్టీస్’ అన్న ఉపశీర్షిక కింద వివరణతో సహా కనిపిస్తుంది. దానికి సెట్టర్ (విలువను మార్చే మెథడ్) కూడా రాస్తే అక్కడి నుండి ‘డేటా డిస్క్రిప్టర్స్’ అన్న ఉపశీర్షిక కిందికి మారుతుంది. ఈ మార్పు చూసి చాలామంది తమ ప్రాపర్టీ మాయమైందనుకుంటారు, కిందికి జరిపి చూస్తే ఉంటుంది. వివరణ ఎప్పుడూ గెట్టర్ (విలువను ఇచ్చే మెథడ్) నుండే వస్తుంది, సెట్టర్‌లో ఎంత ఓపికగా రాసినా హెల్ప్ దాన్ని చూపదు.

ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, ప్రాపర్టీని క్లాసు పేరుతోనే అడగాలి. సాగర్ చుక్క ఖాళీ అని క్లాసు ద్వారా అడిగితే ప్రాపర్టీ వస్తువే హెల్ప్‌కు అందుతుంది, వివరణ వస్తుంది. తయారైన ఆబ్జెక్ట్ ద్వారా అడిగితే మాత్రం గెట్టర్ నడిచిపోయి, వచ్చిన సంఖ్య హెల్ప్‌కు అందుతుంది, మళ్లీ పూర్ణసంఖ్యల పుటే తెరుచుకుంటుంది. ఆ గెట్టర్ డేటాబేస్‌ను అడిగేదైతే, కేవలం వివరణ చదవాలనుకున్నవారు తమకు తెలియకుండానే డేటాబేస్‌ను కదిలించినట్లవుతుంది.

జూరాల గట్టు (గద్వాల)

ఈ చర్చ నాకు చాలా దగ్గరగా తగిలింది కాబట్టి రాస్తున్నాను. నేను బోరుబావుల నీటి నమూనాల సమాచారాన్ని క్రోడీకరించే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. మేము వాడిన క్లాసులో గ్రామం, లోతు, ఫ్లోరైడ్ అనే అట్రిబ్యూట్లు ఉండేవి. లోతు అడుగుల్లోనా మీటర్లలోనా అన్నది ఎక్కడా రాసి లేదు. మాలో కొందరు అడుగుల్లోనూ కొందరు మీటర్లలోనూ నింపారు. నెల రోజుల తరువాత పట్టిక తయారుచేసినప్పుడు గానీ ఆ తేడా బయటపడలేదు, అప్పుడు పాత కాగితాలను ముందు వేసుకుని ఒక్కొక్క వరుసా సరిచూడవలసి వచ్చింది. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవారికి, ఆ పట్టికలో ఒక అంకె తప్పుపడితే అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమనీ, మరో నీటి వనరు లేనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతించవచ్చనీ మన దేశ ప్రమాణం చెబుతుంది. ఏ ప్రమాణంలో కొలిచామో చెప్పకుండా 1.5 అని రాస్తే అది దేనికీ పనికిరాదు.

ఇటువంటి అట్రిబ్యూట్లకు ప్రాపర్టీ రాయాలంటే ఒక్కొక్కదానికి నాలుగైదు వరుసలు అవుతాయి. నేను వాడే మార్గం వేరు. ఆబ్జెక్టులకు ఏయే అట్రిబ్యూట్లు ఉంటాయో ముందే చెప్పే స్లాట్స్ అనే ప్రత్యేక అట్రిబ్యూట్‌కు సాధారణంగా పేర్ల జాబితా ఇస్తాము. జాబితాకు బదులు డిక్షనరీ (కీ, విలువ అనే జతల పట్టిక) కూడా ఇవ్వవచ్చు. అప్పుడు డిక్షనరీలోని కీలు అట్రిబ్యూట్ల పేర్లవుతాయి, వాటి విలువలుగా రాసిన వాక్యాలను పైథాన్ 3.8 నుండి హెల్ప్ వివరణలుగా చూపిస్తోంది. ‘లోతు’కు ఎదురుగా ‘భూమి ఉపరితలం నుండి బోరు లోతు, అడుగుల్లో’ అనీ, ‘ఫ్లోరైడ్’కు ఎదురుగా ‘లీటరుకు మిల్లీగ్రాముల్లో’ అనీ రాసి, క్లాసును హెల్ప్‌కు ఇవ్వండి తమ్ముడూ. ప్రతి పేరు కిందా దాని వాక్యం కనిపిస్తుంది. పైగా ఇనిట్ నడవకముందే కనిపిస్తుంది కాబట్టి, మీ ‘నేటిమట్టం’ ఇబ్బంది కూడా తీరుతుంది.

మూసీ తీరం (సూర్యాపేట)

జూరాల గట్టు గారు చెప్పిన అనుభవాన్ని గౌరవిస్తూనే, ఒక అభ్యంతరాన్ని ముందుంచుతున్నాను. స్లాట్స్ అనేది వివరణ కోసం పుట్టినది కాదు. అది పెట్టిన క్లాసు ఆబ్జెక్టులకు జాబితాలో లేని కొత్త అట్రిబ్యూట్‌ను తగిలించడం కుదరదు. స్లాట్స్‌లో ఉన్న పేరుకే క్లాసు స్థాయిలో 590 వంటి విలువ ఇద్దామన్నా, రెండూ ఢీకొంటున్నాయని పైథాన్ క్లాసును నిర్మించే దశలోనే దోషం చూపిస్తుంది. అంటే ఈ విద్యార్థి అడిగిన పూర్తిమట్టానికే ఈ మార్గం పనికిరాదు. హెల్ప్‌లో నాలుగు మాటలు కనిపించడానికి క్లాసు నడవడికనే మార్చడం నాకు సరి అనిపించదు.

క్లాసు డాక్‌స్ట్రింగ్‌లోనే ‘అట్రిబ్యూట్లు’ అని ఒక భాగం పెట్టి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వాక్యం రాస్తే సరిపోతుంది. క్లాసు డాక్‌స్ట్రింగ్‌లో దాని ప్రవర్తనను క్లుప్తంగా చెప్పి, బయటివారు వాడే మెథడ్లనూ ఇన్‌స్టెన్స్ వేరియబుళ్లనూ పేర్కొనాలని పెప్ 257 కూడా సూచిస్తుంది. హెల్ప్ అన్నింటికంటే పైన చూపేది ఆ భాగాన్నే. ఏ వెర్షన్‌లోనైనా అది కనిపిస్తుంది.

సుద్దముక్క (వనపర్తి)

మీ అభ్యంతరం సమంజసమే, కానీ ఆ పద్ధతికీ ఒక బలహీనత ఉంది. వివరణ ఒకచోట, అట్రిబ్యూట్ మరొకచోట ఉంటే, ఆరు నెలల తరువాత అట్రిబ్యూట్ పేరు మార్చినవారు పైనున్న వివరణను మార్చడం మరచిపోతారు. నేను దిద్దే విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తప్పుడు వివరణ, వివరణ లేకపోవడం కన్నా ప్రమాదకరం. కాబట్టి మారని స్థిరాంకాలకు క్లాసు డాక్‌స్ట్రింగ్‌నూ, కొలతలను మోసే అట్రిబ్యూట్లకు పక్కనే వివరణ ఉండే పద్ధతినీ ఎంచుకోమని నేను చెబుతాను.

ఇతర మార్గాలను కూడా క్లుప్తంగా ప్రస్తావిస్తాను. నేమ్డ్‌టపుల్ (పేర్లున్న విలువల వరుస) వాడితే ప్రతి ఫీల్డుకూ ‘ఏలియస్ ఫర్ ఫీల్డ్ నంబర్ సున్నా’ వంటి నిస్సారమైన వాక్యం దానంతటదే వస్తుంది. పైథాన్ 3.5 నుండి ఆ వాక్యాన్ని మనం మార్చి రాసుకోవచ్చు. డేటాను దాచుకోవడానికే రాసే డేటాక్లాసులకు మనం డాక్‌స్ట్రింగ్ రాయకపోతే ఫీల్డుల పేర్లూ రకాలూ ఉన్న ఒక వరుసను అదే తయారుచేస్తుంది, అందులో అర్థం ఏమీ ఉండదు. పైథాన్ 3.14లో డేటాక్లాసు ఫీల్డుకు ‘డాక్’ అనే ఆర్గ్యుమెంట్ చేరింది. అయితే స్లాట్స్ ఈక్వల్స్ ట్రూ అని పెట్టినప్పుడే ఆ వాక్యం స్లాట్స్ డిక్షనరీలోకి వెళ్తుంది. లేకపోతే ఫీల్డు వస్తువులోనే ఉండిపోతుంది. టైప్ సూచనల్లోనే వివరణను కూడా రాసే పద్ధతి కోసం వచ్చిన పెప్ 727ను ప్రతిపాదించినవారే ఉపసంహరించుకున్నారు.

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

ఇంకొక వ్యత్యాసం చెప్పవలసి ఉంది, ఇది మూసీ తీరం గారు ఎంచుకున్న పద్ధతికి సంబంధించినది. పైథాన్‌ను రెండు ‘ఓ’ల ఆప్షన్‌తో నడిపితే డాక్‌స్ట్రింగులన్నీ తొలగిపోతాయి, క్లాసు డాక్‌స్ట్రింగ్ కూడా పోతుంది. స్లాట్స్ డిక్షనరీలో రాసినవి కంపైలర్ దృష్టిలో మామూలు విలువలే కాబట్టి అవి నిలిచి ఉంటాయి. ప్రాపర్టీని డెకరేటర్‌తో కాక నేరుగా పిలిచి, డాక్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన వాక్యం కూడా అలాగే మిగులుతుంది. ఆ ఆప్షన్ వాడేవారు తక్కువే అయినా, వాడే చోట ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

మీరందరూ చెప్పినదాన్ని రెండు రోజులు కూర్చుని అమలు చేశాను. ‘జలాశయం’ అనే మూల క్లాసు రాసి, దాని నుండి సాగర్, శ్రీశైలం అనే రెండు క్లాసులను తీసుకున్నాను. పూర్తిమట్టం ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క స్థిరాంకం కాబట్టి దాని అర్థాన్ని మూల క్లాసు డాక్‌స్ట్రింగ్‌లో రాశాను. ‘ఖాళీ’ని ప్రాపర్టీ చేశాను. రోజువారీ నమోదుకు వేరే చిన్న క్లాసు పెట్టి, జూరాల గట్టు అక్క చెప్పినట్లు తేదీ, మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అనే నాలుగింటికీ స్లాట్స్ డిక్షనరీలో ప్రమాణాలతో సహా వివరణ ఇచ్చాను. మట్టం అడుగుల్లో, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లోలు క్యూసెక్కుల్లో అన్న మాటలు హెల్ప్‌లో కనిపించినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

మధ్యలో ఒకచోట అరగంట ఆగిపోయాను. తెలుగు పేర్లు పెట్టేవారికి పనికొస్తుందని చెబుతున్నాను. ‘ఇన్‌ఫ్లో’ అని టైప్ చేసినప్పుడు న పొల్లుకూ ఫ వత్తుకూ మధ్య, అవి కలిసిపోకుండా ఉండేందుకు మన కీబోర్డు ఒక కనిపించని అక్షరాన్ని చేరుస్తుంది. పైథాన్ ఆ అక్షరాన్ని పేర్లలో అనుమతించదు, యు ప్లస్ 200సి అన్న సంఖ్య చెప్పి సింటాక్స్ దోషం చూపిస్తుంది. స్లాట్స్‌లో కీలుగా వాడే పేర్లకు కూడా ఇదే నియమం. వివరణ వాక్యాల్లో మాత్రం అది ఎన్నిసార్లు వచ్చినా ఇబ్బంది లేదు. అందుకని పేర్లను ‘రాక’, ‘పోక’ అని మార్చుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. శ్రీశైలం క్లాసులో ‘ఖాళీ’ ప్రాపర్టీని మరోసారి రాయవలసి వచ్చింది, డాక్‌స్ట్రింగ్ మాత్రం అక్కడ రాయలేదు. అయినా హెల్ప్‌లో మూల క్లాసులోని వాక్యమే కనిపిస్తోంది. ఇది సరైనదేనా, లేక పొరపాటున జరుగుతోందా?

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

సరైనదే. తిరిగి రాసిన మెథడ్‌కు గానీ ప్రాపర్టీకి గానీ సొంత వివరణ లేకపోతే, పైథాన్ 3.5 నుండి పై క్లాసుల్లో అదే పేరుతో ఉన్నదాని వివరణను హెల్ప్ తీసుకుంటుంది. సాగర్ క్లాసులో మీరు దాన్ని తిరిగి రాయలేదు కాబట్టి, అక్కడ అది జలాశయం నుండి సంక్రమించినదిగా వేరే ఉపశీర్షిక కింద కనిపిస్తుంది, చూడండి. కానీ శ్రీశైలంలో తిరిగి రాయవలసి వచ్చిందంటే లెక్క మారిందన్నమాట. ఆ పక్షంలో పాత వాక్యం ఇప్పుడు అబద్ధం చెబుతుండవచ్చు. అక్కడ కొత్త డాక్‌స్ట్రింగ్ రాయండి.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

నిజమే అన్నా. శ్రీశైలంలో ఖాళీని అడుగుల్లో కాక టీఎంసీల్లో లెక్కిస్తున్నాను, హెల్ప్ మాత్రం ఇంకా అడుగుల్లో అనే చెబుతోంది. ఇప్పుడే మారుస్తున్నాను.